పేరు తెలియని పాత విత్తనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత డబ్బా అడుగునో, పుస్తకం పేజీల మధ్యనో, మడత విప్పితే చిరిగిపోయే పొట్లంలోనో కొన్ని గింజలు బయటపడతాయి. ఎవరు దాచారో, ఎప్పుడు దాచారో తెలియదు. పొట్లం మీద ఏదైనా రాసి ఉన్నా అది రాసినవారికి తప్ప మరొకరికి అర్థం కాదు. అలాంటి గింజల గురించి ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు నా అనుభవం మేరకు జవాబులు ఇవి. ఇది ఓపిక పని అని ముందే చెబుతున్నాను. గింజ సగం పేరే చెబుతుంది, మొలక ఇంకొంచెం చెబుతుంది, మిగతాది పూత వచ్చాకే.

పేరులేని గింజలు దొరికాయి. ముందు ఏం చేయాలి?

విత్తకండి, కనీసం ఆ రోజుకైనా. ఉత్సాహం కొద్దీ అన్నీ ఒకే కుండీలో చల్లి, ఏదీ మొలవక, ఏం చల్లారో కూడా చెప్పలేక తల పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో నేనూ ఒకణ్ణి.

తెల్ల కాగితం మీద పరిచి లెక్కపెట్టండి. పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫొటో తీయండి. రెండు మూడు రకాలు కలిసి ఉంటే వేరు చేయండి. పొట్లాన్ని మాత్రం పారేయకండి. అది పాత పత్రిక ముక్క అయితే దాని మీద తేదీ ఉండవచ్చు. ఆ తేదీ తర్వాతే పొట్లం కట్టారన్నది ఖాయం కాబట్టి గింజల వయసుకు ఒక అంచనా దొరుకుతుంది. అడుగున మిగిలిన పొట్టు, ఎండిన కాయ తొక్క, పువ్వు రేక కూడా దాచండి. గింజ కన్నా కాయ తొక్కే చాలాసార్లు ఎక్కువ చెబుతుంది.

గింజల మీద గులాబీ, ఆకుపచ్చ, నీలం వంటి ముదురు పూత కనిపిస్తే అది శిలీంధ్రనాశిని మందు కావచ్చు. అలాంటివాటిని చేతి తొడుగుతోనే పట్టుకోండి, పిల్లలకు అందనివ్వకండి. గుండ్రటి చిల్లులు, సన్నని పిండి ఉంటే పురుగు పట్టిందన్నమాట. వాటిని మిగతా గింజల డబ్బాలకు దూరంగా ఉంచండి.

గింజను చూసి మొక్కను గుర్తుపట్టవచ్చా?

కుటుంబాన్ని గుర్తుపట్టవచ్చు, మొక్కను కొన్నిసార్లు, రకాన్ని దాదాపు ఎప్పుడూ కాదు. నల్లగా నిగనిగలాడే ఆవగింజకన్నా చిన్న గింజ తోటకూర కావచ్చు, కోడిజుట్టు పువ్వు కావచ్చు. భూతద్దంలో కూడా రెండూ అక్కచెల్లెళ్లలాగే ఉంటాయి. ఆవ, క్యాబేజీ, కాలీఫ్లవర్ గింజలను కలిపేస్తే మళ్లీ వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

కొన్ని మాత్రం చూడగానే పేరు చెప్పేస్తాయి. కాకర గింజ అంచులు పళ్లు పళ్లుగా ఉండి, ఒంటి మీద చెక్కినట్టు గీతలు ఉంటాయి. టమాటా గింజకు సన్నని నూగు ఉంటుంది, మిరప, వంగ గింజలకు ఉండదు. బంతి గింజ ఒక కొసన లేత కుచ్చుతో నల్లటి సూదిలా ఉంటుంది. ధనియం నిలువు గీతలతో గుండ్రంగా ఉండి, నొక్కితే రెండు చెక్కలవుతుంది. చంద్రకాంత గింజ ముడతలు పడిన మిరియంలా ఉంటుంది. చిక్కుడు గింజ అంచున తెల్లటి గట్టి గీత ఉంటుంది. నీటిలో వేసిన కొద్దిసేపటికే చుట్టూ జిగురు పొర ఉబ్బితే తులసి, సబ్జా జాతుల వైపు ఆలోచించండి. పాలకూర, బీట్‌రూట్‌లలో మనం గింజ అనుకునేది నిజానికి గింజల ముద్ద. ఒకటి నాటితే రెండు మూడు మొలకలు వస్తే కంగారు పడకండి.

ఇక జాగ్రత్త అవసరమైనవి. మచ్చలు మచ్చలుగా, ఒక కొసన చిన్న బుడిపెతో, రక్తం తాగిన గోమారిలా కనిపించేది ఆముదం గింజ. ఎర్రటి ఒంటికి నల్ల చుక్క ఉంటే గురివింద. రెండూ తీవ్రమైన విషం, నమిలితే ప్రాణాపాయం. ఉమ్మెత్త గింజ మిరప గింజలాగే కనిపించి మోసం చేస్తుంది. తేడా అంచులో ఉంటుంది. మిరప గింజ పలచగా, బిళ్లలా, లేత పసుపు రంగులో ఉంటే, ఉమ్మెత్తది మందంగా, చెవి ఆకారంలో, గోధుమ రంగులో, వంపు అంచున జంట గట్లతో ఉంటుంది. ఏ గింజనూ నోట్లో పెట్టి రుచి చూసి గుర్తుపట్టాలని ప్రయత్నించకండి.

గింజలు ఎన్నేళ్లు బతుకుతాయి?

జాతిని బట్టి, అంతకు మించి దాచిన తీరును బట్టి. మామూలు గదిలో ఉంచిన ఉల్లి గింజ ఒకటి రెండేళ్లకే నీరసపడుతుంది. బెండ, మిరప, క్యారెట్ రెండు మూడేళ్లు నిలుస్తాయి. చిక్కుడు, బీన్స్ మూడు నాలుగేళ్లు, టమాటా, దోస, గుమ్మడి అయిదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఇవి చేతి లెక్కలే. చెమ్మగాలి తగిలే వంటింటి అరలో దాచిన టమాటా గింజ రెండేళ్లకే పోవచ్చు, ఎండబెట్టి సీసాలో బిగించినది పదేళ్ల తర్వాతా మొలవవచ్చు.

విత్తన శాస్త్రంలో హారింగ్‌టన్ సూత్రాలని రెండు ఉన్నాయి. గింజలో తేమ ఒక శాతం తగ్గిన ప్రతిసారీ దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, నిల్వచేసే చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిన ప్రతిసారీ మళ్లీ సుమారు రెట్టింపవుతుంది. అందుకే పొట్లం ఎన్నేళ్లదని అడిగేకన్నా ఎక్కడ దొరికిందని అడగడం మేలు. వంటగది అటక మీద అయిదేళ్లు, చల్లటి గదిలో మూత బిగించిన సీసాలో అయిదేళ్లు ఒకటి కావు.

దీర్ఘాయుష్షుకు నమ్మదగిన ఉదాహరణలు ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజ 2005లో మొలిచింది. చైనా ఈశాన్యంలో ఎండిపోయిన సరస్సు అడుగున దొరికిన తామర గింజల్లో సుమారు 1300 ఏళ్ల వయసున్నది కూడా మొలకెత్తింది. దాని పెంకు అంత గట్టిది. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో 20 సీసాల్లో కలుపు మొక్కల గింజలు నింపి భూమిలో పాతిపెట్టాడు. కొన్నేళ్లకొకసారి ఒక సీసా తవ్వి విత్తుతున్నారు. 2021లో తీసిన సీసాలో వెర్బాస్కం అనే కలుపు జాతి గింజలు మాత్రమే మొలిచాయి. చివరి సీసా వంతు 2100లో. ఇక ఈజిప్టు సమాధుల్లో దొరికిన గోధుమలు మొలిచాయన్నది ఒట్టి కథ. ఆ మాట చెప్పి గింజలు అంటగట్టేవాళ్లు 19వ శతాబ్దంలోనే ఉన్నారు.

దీనికి పూర్తి వ్యతిరేకం మామిడి, పనస, కోకో గింజలు. ఇవి ఎండితేనే చస్తాయి. పాత డబ్బాలో ఎండిన మామిడి టెంక దొరికితే దాని మీద ఆశ పెట్టుకోకండి.

నీటిలో తేలిన గింజలు చచ్చినట్టేనా?

కాదు. తేలడం, మునగడం గింజ బరువును, లోపలి గాలిని చెబుతాయి, ప్రాణాన్ని కాదు. తాలు గింజలు తేలతాయి, నిజమే. కానీ గుమ్మడి జాతిలో మంచి గింజలూ తేలతాయి, ఎప్పుడో చచ్చిన బీన్స్ గింజ రాయిలా మునుగుతుంది. పాత గింజల విషయంలో ఈ పరీక్షను నేను పూర్తిగా మానేశాను.

మరి మొలక పరీక్ష ఎలా చేయాలి?

తగినన్ని గింజలు ఉంటేనే చేయండి. మందపాటి టిష్యూ కాగితాన్ని గానీ పాత నూలు గుడ్డను గానీ తడిపి, నీటి బొట్టు కారనంతగా పిండండి. పది గింజలను వరుసగా పేర్చి, చాపలా చుట్టి, మూతి వదులుగా ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. 25 నుంచి 30 డిగ్రీల వేడి చాలా జాతులకు సరిపోతుంది. లెట్యూస్ లాంటి చలికాలపు ఆకుకూరలు మాత్రం ఆ వేడిలో మొండికేస్తాయి, వాటికి చల్లటి చోటు కావాలి.

మూడో రోజు నుంచి రోజూ ఒకసారి విప్పి చూడండి. పాత గింజలకు కొత్తవాటికన్నా రెట్టింపు సమయం పట్టినా ఆశ్చర్యం లేదు కాబట్టి మూడు వారాలు ఓపిక పట్టండి. బూజు పట్టిన గింజను గోరుతో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా చితికి వాసన వస్తే పోయినట్టే. గట్టిగా ఉంటే తుడిచి కొత్త కాగితంలోకి మార్చండి. వేరు తెల్లగా బయటికి వచ్చిన గింజను వేరు విరగకుండా మట్టిలోకి మార్చేయాలి. పరీక్ష పేరుతో మొలకను పారేయడమంత అన్యాయం లేదు.

గట్టి గింజలు రాళ్లలా ఉన్నాయి. రాత్రంతా నానబెట్టాలా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. బాగా ఎండిన పాత చిక్కుడు, బీన్స్, బఠాణీ గింజలను ఒక్కసారిగా నీటిలో వేస్తే నీరు వేగంగా లోపలికి దూసుకుపోయి, ముసలి కణాల పొరలు కుదుటపడక ముందే చీలిపోతాయి. పప్పు బద్దల మీద అడ్డంగా పగుళ్లు కనిపిస్తే జరిగింది అదే. వాటిని ముందు ఒకటి రెండు రోజులు చెమ్మగాలిలో ఉంచండి. మూత ఉన్న డబ్బాలో కాస్త నీరు పోసి, నీటికి తగలకుండా పైన జల్లెడ మీద గింజలు పెడితే చాలు. ఆ తర్వాత తడి కాగితంలోకి.

బెండ, శంఖుపుష్పం, మెట్టతామర, తామర వంటివాటి కథ వేరు. పెంకు నీటిని అసలు రానివ్వదు. తడి కాగితంలో ఒకటి రెండు రోజులు ఉంచాక ఉబ్బినవి ఉబ్బుతాయి, అలాగే చిన్నగా మిగిలినవి పెంకు మొండివి. వాటిని మాత్రమే తీసి గరుకు కాగితం మీద రుద్దండి, లేదా గోరు కత్తెరతో చిన్న గాటు పెట్టండి. గింజ కాయకు అంటుకున్న మచ్చ ఉంటుంది కదా, గాటు దానికి ఎదురు వైపున పడాలి. మచ్చ పక్కనే మొలక వేరు ఉంటుంది.

చాలా సన్నని గింజలను ఎంత లోతున వేయాలి?

వేయకండి, పైన చల్లి వేలితో అదమండి. ఆవగింజకన్నా సన్నని గింజల్లో చాలావాటికి మొలకెత్తడానికి వెలుతురు కావాలి. కుండీ మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, నీటిని కింది నుంచి పీల్చుకోనివ్వండి.

నా దగ్గర అయిదే గింజలు ఉన్నాయి.

అయితే పరీక్షలేమీ వద్దు, నేరుగా చిన్న గిన్నెల్లో ఒక్కొక్కటి నాటండి. మూడు ఇప్పుడు, రెండు తర్వాత. వేసవిలో పోతే చలికాలంలో మరో ప్రయత్నం ఉంటుంది. ఎరువు వేయకండి. నీరు ఎక్కువైతే నారుకుళ్లు తెగులు ఒక్క రాత్రిలో మొలకను కూల్చేస్తుంది, పాత గింజల మొలకలకు దాన్ని తట్టుకునే సత్తువ ఉండదు.

వీటిలో తరచుగా కనిపించే ఇంకో ఇబ్బంది టోపీ. మొలక పైకి వచ్చినా గింజ పెంకు ఆకుల మీద బిగుసుకుని ఉండిపోతుంది. లాగవద్దు. దాని మీద నీటి చుక్క పెట్టి గంటసేపు నాననిచ్చి, సన్నని పుల్లతో పక్కకు తొలగించండి. తొలి ఆకులు వంకరగా, చిరిగినట్టు వచ్చినా మొక్కను తీసేయకండి. ముసలి గింజల మొలకలు చాలావరకు నాలుగైదు ఆకులకు తేరుకుంటాయి.

కుండీలో ఏదో మొలిచింది. అది నా గింజా, కలుపా?

ఈ ప్రశ్న రాకూడదంటే విత్తేటప్పుడే రెండు పనులు చేయాలి. ఒకటి, అదే మట్టితో గింజ లేని కుండీ ఒకటి పక్కన పెట్టండి. రెండింటిలోనూ మొలిచేది కలుపు. రెండు, గింజలను ముక్కోణంలో నాటండి. కలుపు ఎక్కడైనా మొలుస్తుంది గానీ ముక్కోణంలో మొలవదు. నేను ఒకసారి ఈ రెండూ మానేసి, ఒక గడ్డి మొక్కకు నలభై రోజులు ముద్దుగా నీళ్లు పోశాను.

మొలకను చూస్తే ఏం తెలుస్తుంది?

మొదట చూడాల్సింది బీజదళాలు, అంటే గింజలోనే ఉండి ముందుగా విచ్చుకునే ఆకులు. ఒక్కటే ఉంటే గడ్డి, ఉల్లి, మెట్టతామర వంటి ఏకదళ బీజం. ఉల్లి మొలక మోకాలు మడిచినట్టు వంగి లేస్తుంది. రెండు ఉంటే ద్విదళ బీజం, ఇక ఆకారం చూడాలి. కొసన నొక్కు పడి హృదయం ఆకారంలో ఉంటే ఆవ, ముల్లంగి కుటుంబం. సీతాకోకచిలుక రెక్కల్లా లోతుగా చీలి ఉంటే కాశీరత్నం, మార్నింగ్ గ్లోరీ తీగల వైపు చూడండి. పెద్దగా, దళసరిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటే గుమ్మడి, దోస జాతి. సన్నగా, మొనదేలి, కాడ మీద నూగుతో ఉండి నలిపితే ఘాటు వాసన వస్తే టమాటా.

బీజదళాలు అసలు పైకి రాకపోవడమూ ఆనవాలే. కంది, శనగ, బఠాణీ పప్పు బద్దలను మట్టిలోనే వదిలి చిగురును మాత్రం పైకి పంపుతాయి. అలసంద, బీన్స్ బద్దలను మోసుకుంటూ పైకి వస్తాయి. బీన్స్‌లో ఇంకో మెలిక ఉంది. బద్దల తర్వాత వచ్చే మొదటి జత ఒంటి ఆకులు, ఆ తర్వాతివే మూడు ఆకుల గుత్తులు. మొదటి జతను చూసి ఇది బీన్స్ కాదని తీర్మానించకండి.

ఆ తర్వాత కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి. నాలుగు పలకలుగా ఉండి, ఆకులు ఎదురెదురుగా వచ్చి, నలిపితే సువాసన వస్తే తులసి, పుదీనా కుటుంబం. నులితీగ కణుపు దగ్గర ఆకు పక్కన పుడితే దోస జాతి, ఆకు కొసనే తీగగా మారితే బఠాణీ జాతి. ఆకు తుంచితే పాలు కారితే చేతులు కడుక్కోండి, కళ్లు తుడుచుకోకండి. ఆ పాలలో కొన్ని చూపుకు ప్రమాదం.

ఫోను యాప్ చెప్పిన పేరును నమ్మవచ్చా?

మొలక ఫొటోకు అది చెప్పే పేరు ఊహ మాత్రమే. పూత వచ్చాక ప్లాంట్‌నెట్, ఐనాచురలిస్ట్ వంటివి బాగా పనికొస్తాయి. పువ్వును ఎదురుగా, పక్క నుంచి, ఆకును రెండు వైపులా, మొత్తం మొక్కను ఒకసారి తీసి ఇవ్వండి. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 18వ శతాబ్దంలో మొక్కలను పువ్వులోని కేసరాల లెక్కతో వర్గీకరించాడు. ఆ పద్ధతి తర్వాత మారినా పువ్వు ప్రాముఖ్యం మారలేదు. యాప్ చెప్పిన పేరుతో వృక్షశాస్త్ర గ్రంథంలోని వర్ణన చదివి, మీ మొక్కతో ఒక్కో అంశం పోల్చుకోండి. తినవచ్చా లేదా అన్నది మాత్రం యాప్‌ను అడిగి తేల్చుకోకండి.

నెలలు గడిచాయి. ఆకులే తప్ప పూత లేదు. పీకేయాలా?

నాకు దొరికిన ఒక పొట్లం మీద పెన్సిలుతో "తెల్లది, కంచె పక్కన" అని రాసి ఉంది. లోపల పదకొండు గోధుమరంగు గింజలు, అంచున తెల్లటి గీత. చిక్కుడని అప్పుడే తెలిసింది, ఏ చిక్కుడో తెలియలేదు. నాలుగు నాటితే రెండు మొలిచాయి. జూన్‌లో పెట్టిన పాదు సెప్టెంబరు నాటికి పందిరి కప్పేసి పక్క చెట్టెక్కింది, ఒక్క మొగ్గ లేదు. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను, మొక్క గొడ్డుదేమో అనుకున్నాను, కత్తెర పట్టుకుని రెండుసార్లు పాదు దగ్గరికి వెళ్లాను. నవంబరులో పగళ్లు కురచయ్యాక ప్రతి కణుపు నుంచీ వెన్ను లేచింది. తెల్లటి పూలు. "తెల్లది" అంటే గింజ కాదు, కాయ కాదు, పువ్వు అని అప్పుడు అర్థమైంది.

పాత చిక్కుడు రకాల్లో చాలావాటికి రాత్రి పొడవు పెరిగితేనే పూత వస్తుంది. గోగు, కాస్మోస్ కూడా అంతే. కాబట్టి పీకే ముందు ఒక చలికాలం చూడండి. రాత్రంతా వీధి దీపం వెలుగు పడే చోట ఉంటే కుండీని జరపండి.

కాయ కాసింది. తినవచ్చా?

మొక్క జాతి పేరు నిశ్చయంగా తెలిసే వరకు వద్దు. తెలిసిన తర్వాత కూడా సొర, గుమ్మడి, దోస జాతుల్లో మరో జాగ్రత్త ఉంది. అలంకారపు గుమ్మడితోనో అడవి రకంతోనో సంకరమైన గింజ నుంచి వచ్చిన కాయలో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం ఉండవచ్చు. ఉడికించినా అది పోదు. 2015లో జర్మనీలో ఇంటి తోటలో పండిన చేదు జుకినీ (దోసకాయలా ఉండే గుమ్మడి జాతి కాయ) తిని ఒకరు మరణించారు. మామూలుగా చేదు ఉండని కాయను నాలుకకు తాకిస్తే చేదుగా ఉందా, ఉమ్మేసి కాయను పారేయండి. దాని గింజలనూ దాచకండి.

అడగకుండానే టపాలో గింజల పొట్లం వచ్చింది. నాటవచ్చా?

నాటకండి. 2020లో అమెరికాతో పాటు పలు దేశాల్లో వేలమందికి ఇలాంటి పొట్లాలు వచ్చాయి. పరీక్షిస్తే చాలావరకు ఆవ, క్యాబేజీ, పుదీనా, మందార వంటి మామూలు గింజలే. అయినా కలుపు జాతులో, గింజ ద్వారా వ్యాపించే వైరస్‌లో రావచ్చన్నది అధికారుల భయం, అది సరైన భయమే. చెత్తలో, కంపోస్టు గుంటలో వేయకుండా వ్యవసాయ శాఖకు అప్పగించండి.

పొట్లం మీద ఒక పేరుంది, మొలిచింది మాత్రం వేరేలా ఉంది.

పొట్లం మారి ఉండవచ్చు, లేదా గింజ తీసిన కాయ సంకరమై ఉండవచ్చు. హైబ్రిడ్ మొక్క నుంచి తీసిన గింజలు నాటితే పిల్లలు తలో రకంగా వస్తాయి. టమాటా, బీన్స్, బఠాణీ ఎక్కువగా తమ పుప్పొడితోనే కాస్తాయి కనుక తల్లి పోలిక నిలుస్తుంది. గుమ్మడి, మొక్కజొన్న, ఆవ జాతులు పక్క తోట పుప్పొడినీ పిలుచుకుంటాయి. వాటి పొట్లం మీద పేరును సగమే నమ్మాలి.

ఈసారి గింజలను ఎలా దాచాలి?

నీడలో బాగా ఎండనిచ్చి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో గాజు సీసాలో బిగించి చల్లటి చోట ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే, సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. లేకుంటే గింజల మీద చెమ్మ చేరుతుంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని ప్రపంచ విత్తన భాండాగారం మైనస్ 18 డిగ్రీల్లో దాస్తుంది, ఇంటికి అంత అవసరం లేదు.

పేరును పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా వెలిసిపోతుంది. ఒక చీటీ సీసా లోపల కూడా వేయండి. పేరు తెలియకపోతే ఊహించి రాయకండి. ఏడాది, పువ్వు రంగు, కాయ ఆకారం, పూత వచ్చిన నెల రాస్తే చాలు. "తెల్లది" అని రాస్తే మాత్రం, ఏది తెల్లదో కూడా రాయండి.

ఏ గింజా మొలవలేదు. పారేయాలా?

కుండీలోని మట్టిని ఇంకో రెండు నెలలు ఆరనిస్తూ, తడుపుతూ ఉంచండి. గట్టి పెంకు గింజలు ఒక్కోసారి మొదటి వర్షాల తర్వాత లేస్తాయి. పొట్లంలో మిగిలిన గింజలు నిజంగా పోయినా నాలుగైదు అట్ట ముక్కకు అంటించి, ఫొటోతో పాటు ఉంచండి. మరో పొట్లంలో అలాంటి గింజే ఎదురైనప్పుడు పక్కన పెట్టి చూసుకోవచ్చు.